కుట్లు విప్పిన రెక్కలు

“పదే పది నిమిషాలు. మధ్యాహ్నం వీణ్ణి కోర్టుకు తీసుకెళ్తున్నాను,” అన్నాడు ఎస్సై విజయభాస్కర్, లాకప్ తాళం తీస్తూ. “పెళ్లిచూపులకు వచ్చినట్టు తీరిగ్గా కూర్చోకండి.”

మాబున్నీసా నవ్వి ఊరుకుంది. అనంతపురంలో ఆమె చేసే పనే అది మరి. పెళ్లికొడుకు తాగుతాడా, ఉద్యోగం ఉన్నమాట నిజమేనా, బెంగళూరులో ఇంకో కాపురం ఏమైనా ఉందా అని ఆడపిల్ల వాళ్ల తరఫున ఆరా తీసి చెప్పడం. ఇరవై ఏళ్లుగా అదే బతుకుతెరువు. తనను పెళ్లిళ్ల డిటెక్టివ్ అంటే ఆమెకు కోపమెందుకు?

కానీ ఈసారి ఆమెను పిలిపించింది పెళ్లి కాదు. రాయదుర్గంలో జీన్స్ షెడ్డు నడిపే ఫకృద్దీన్ తెల్లవారకముందే ఫోన్ చేసి, “మాబమ్మా, నా కొడుకును కిడ్నాపు కేసులో పెట్టినారు, బిరీన రా తల్లీ,” అని బావురుమన్నాడు. మొదటి బస్సుకే బయల్దేరి, షెడ్ల పక్కనున్న ఈ పోలీసు అవుట్‌పోస్టులో అడుగుపెట్టింది.

కేసు వింటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

శుక్రవారం ఒక సినిమా విడుదలవుతోంది. ఇన్నాళ్లూ వేరువేరు సినిమాల్లో ఎగిరిన వజ్రగరుడ, గోడలెక్కిన ఉడుము అనే సూపర్‌హీరోలిద్దరూ ఇందులో మొదటిసారి కలబడతారు. ఎవరు గెలుస్తారన్నది రెండు నెలలుగా ఫోన్లలో నడుస్తున్న యుద్ధం. గద్ద ఉడుమును ఎత్తుకుపోగలదా లేదా అన్న ఒక్క ప్రశ్న మీద వేలకు వేలు కామెంట్లు. గరుడ పక్షాన ‘గరుడసేన’ పేజీ, నలభై వేలమంది బలగం. దాని అడ్మిన్ కంబదూరు కుర్రాడు హర్ష. ఉడుము పక్షాన ‘ఉడుంపట్టు’ పేజీ. దాని అడ్మిన్, ఇదిగో, ఈ లాకప్‌లో కూర్చున్న ఫకృద్దీన్ కొడుకు అస్లాం.

నిన్న ఆదివారం, రాయదుర్గం పోయి వస్తానని ఇంట్లో చెప్పి బస్సెక్కిన హర్ష తిరిగి రాలేదు. ఫోన్ ఆఫ్. సాయంత్రం పోలీసులు ఫకృద్దీన్ షెడ్డు తలుపు తీస్తే, హర్ష వేసుకొచ్చిన గరుడ కోటు బల్ల మీద ఉంది. దానికి రెక్కలు లేవు. శనివారమే అస్లాం పేజీలో ఒక కామెంటు పడింది. ‘రాయదుర్గంలో కాలు పెట్టు, నీ రెక్కలు కత్తిరిస్తా.’

ఇంతకంటే ఏం కావాలి విజయభాస్కర్‌కు?

మాబున్నీసా స్టూలు లాక్కుని అస్లాం ఎదురుగా కూర్చుంది. ఇరవై రెండేళ్ల బక్కపలచటి పిల్లాడు. వేసుకున్న చొక్కా భుజాలు జారి, మోకాళ్ల దాకా వేలాడుతోంది.

“హర్ష నీ దగ్గరికి వచ్చినాడా?”

“నాకేం తెలీదు.”

“కోటు మీ షెడ్డులోకి ఎట్ల వచ్చింది?”

“నాకేం తెలీదక్కా.”

“నిన్న మధ్యాహ్నం నువ్వు యాడుండావు?”

“తెలీదంటాండా కదా!”

తేలు కుట్టిన దొంగ లాగా పళ్లు బిగబట్టుకున్నాడు. భయపడుతున్నాడు, నిజమే. కానీ ఆ భయం పోలీసుల వైపు చూడటం లేదు. అటు ఎస్సై ఊచల మీద లాఠీతో కొడుతున్నా ఉలకడు గానీ, ‘హర్ష’ అన్న పేరు వినగానే చెవులు ఎర్రబడుతున్నాయి. సిగ్గా? ఈ సమయంలో సిగ్గెందుకు?

మాబున్నీసా ప్రశ్నలు మానేసింది. ఆమె వృత్తిలో ఒక కిటుకుంది. ప్రశ్న అడిగితే జనం అబద్ధం చెప్తారు. తప్పు చెప్తే మాత్రం దిద్దకుండా ఉండలేరు. “మీ వాడు టెన్త్ తప్పినాడంట కదా?” అంటే చాలు, పెళ్లికొడుకు తల్లి రోషంగా లేచి, “ఎవరు చెప్పింది? టెన్త్ పాసయినాడు, ఇంటరే తప్పినాడు!” అనేస్తుంది. ఫోన్లలో అరుచుకునే వాళ్లకు ఈ జబ్బు ఇంకా ఎక్కువ.

“ఏమైనా చెప్పప్పా,” అంది నిట్టూరుస్తూ, “గద్ద ముందర ఉడుమెంత? ఒక్క తన్ను తన్నితే పోయి కొండ అవతల పడ్తాది.”

అస్లాం తల విసురుగా లేచింది. “గద్ద తన్నేదేంది? కాళ్లుండాయా దానికి, గోళ్లు తప్ప? మీరు మొదటి సినిమా చూసినారా అసలు?”

“చూసినా. మా అక్క పిల్లోళ్లతో పోయింటి. ఆ రెక్కలు! అబ్బా, కండ్లు చాలలే.”

“గ్రాఫిక్స్ అక్కా అవి! ఉడుము గోడెక్కేది నిజం. తాడు కట్టుకోని హీరోనే ఎక్కినాడు.”

“గ్రాఫిక్సో ఏమో. హర్ష పేజీలో ఆ కోటు ఫోటో చూసినా. ఎంత బాగా కుట్టించుకున్నాడు! ఆ రెక్కలేసుకుంటే మనిషి నిజంగానే ఎగిరిపోతాడు.”

“ఎగిరేదా!” అస్లాం ఏకంగా లేచి నిలబడ్డాడు. “లోపల లైనింగు ఏమేసినారో తెల్సునా? గోనెసంచి! భుజం కాడ ఒంటి సూది కుట్టు. అంత బరువుకు ఒంటి కుట్టా? చెయ్యి పైకి లేపితే టర్రుమని పోతాది. కుట్టినోని చేతులు విరగ్గొట్టల్ల!”

మాబున్నీసా మెల్లగా అంది. “లోపలి లైనింగు ఫోటోలో కనపడదు కదప్పా.”

అస్లాం గబుక్కున కింద కూర్చుని, మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

వెనక నుంచి చప్పట్లు. విజయభాస్కర్ ఊచల అవతల నిలబడి నవ్వుతున్నాడు. “భేష్ అమ్మా! రాత్రంతా నేను అడిగితే చెప్పలేదు. మీరొచ్చి మీ క్లయింటు చేతనే ఒప్పించారు. కోటు విప్పి, రెక్కలు పీకి, లోపలేముందో కూడా చూశాడు. రాసుకోవయ్యా హెడ్డూ!”

మాబున్నీసా తన నోటితో తనే ఆ పిల్లాడి మెడకు తాడు బిగించింది. బయట కూర్చున్న ఫకృద్దీన్ కళ్లలోకి చూడటానికి ధైర్యం చాల్లేదు.

“ఆ కోటు ఇంకా షెడ్డులోనే ఉండాదా సార్?” అని అడిగింది.

“పంచనామా కాలేదు. ఉంది.”

“చూడల్ల.”

“ఎందుకు? పెళ్లికొడుకు కొలతలు తీస్తారా?”

“చూసినాక నేనేమీ చెప్పలేకపోతే, నా ఆఫీసు బోర్డు నేనే పీకి మీకిస్తా. సరేనా?”

విజయభాస్కర్‌కు పందెం అంటే ఇష్టమే. పోయినేడు ధర్మవరంలో ఒక దొంగ పెళ్లికొడుకును ఇతనికంటే ముందు ఆమె పట్టిచ్చిన బాకీ ఇంకా లోపల కుతకుతలాడుతూనే ఉంది. “పదండి, ఆ బోర్డు మా జీపుకి మడ్‌గార్డుగా పనికొస్తుంది,” అన్నాడు.

*

షెడ్డు రెండు సందుల అవతలే. బయట అరుగు మీద పనివాళ్లు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. ఫకృద్దీన్ తలుపు తీసి పక్కకు నిలబడ్డాడు. లోపల వరసగా మిషన్లు, మూలన జీన్స్ కట్టలు. కటింగ్ బల్ల మీద కోటు బోర్లా పడి ఉంది. బూడిద రంగు మందపాటి కాన్వాసు, అంచుల వెంట బంగారు రంగు పట్టీ.

“చూడండి,” అన్నాడు విజయభాస్కర్, “రెండు భుజాల దగ్గరా రెక్కలు తెగ్గోసేశాడు.”

మాబున్నీసా కొంగు నడుముకు దోపుకుని వంగింది. వేలు తగలకుండా భుజం దగ్గర కళ్లు పెట్టి చూసింది. రెక్క ఉండాల్సిన చోట చీలిక లేదు. వరసగా సూది రంధ్రాలున్నాయి, చీమలబారులాగా. దారం ముక్కలు పక్కనే ఒక టీ గ్లాసులో పోగు చేసి ఉన్నాయి. రంధ్రాల మీదుగా సుద్దతో గీసిన గీత, దానికి అడ్డంగా చిన్న చిన్న గుర్తులు. జీన్స్ గుడ్డను వెడల్పాటి పట్టీలా కత్తిరించి, గుండుసూదులతో భుజానికి గుచ్చి పెట్టారు.

“రెక్కలేవీ?”

ఫకృద్దీన్ బల్ల కిందికి చూపించాడు. రెండు రెక్కలూ నలగకుండా ఒక పాత దుప్పట్లో చుట్టి ఉన్నాయి. కుడిదాని మీద ‘కుడి’, ఎడమదాని మీద ‘ఎడమ’ అని సుద్దతో రాసి ఉంది.

మాబున్నీసా నడుము నిటారుగా చేసి నిలబడింది. “సార్, మీ ఇంట్లో ఆడోళ్లు రవికె వదులు చేయించుకోవడం ఎప్పుడైనా చూసినారా?”

“ఇదేం ప్రశ్న?”

“పగ తీర్చుకునేటోడు కత్తెరేసి పరపరా కోస్తాడు. కుట్టు వెంబడి కుట్టు విప్పి, దారాలు ఏరి గ్లాసులో ఏసి, కుడీ ఎడమా అని రాసి దుప్పట్లో చుట్టి పెట్టడు. ఇది పీకడం కాదు, బాగుచేయడం. భుజానికి జీన్స్ పట్టీ ఆసరా ఇచ్చి, జోడు సూది మిషను మీద మళ్లీ కుడతాండాడు. ఆ గద్దోడు శత్రువు కాడికి కొట్లాటకు రాలే సార్. రెక్కలు కుట్టించుకోవడానికి వచ్చినాడు!”

విజయభాస్కర్ ఒప్పుకోలేదు. “మమ్మల్ని ఏమార్చడానికి తర్వాత చేసి ఉంటాడు. మరి దీనికేమంటారు?” అని ఫోన్ తీసి, శనివారం నాటి కామెంటు గొంతు పెంచి చదివాడు.

“‘మీ గద్ద గుడ్లు పొదగడానికి తప్ప దేనికీ పనికిరాదు. మొదటి సినిమాలో ఇంటర్వెల్ ముందు గోడకు కొట్టుకుని పడింది, మళ్లీ చూసుకో. ఇంతకీ నువ్వు అన్నం తిన్నావా తమ్ముడూ, తినకుండా కొట్లాడొద్దు. ఉడుము పట్టుకుంటే ప్రాణం పోయినా వదలదు. రాయదుర్గంలో కాలు పెట్టు, నీ రెక్కలు కత్తిరిస్తా.’ ఇది బెదిరింపు కాదా?”

మాబున్నీసా కళ్లు చిట్లించింది. “ఇంకోసారి చదవండి సార్.”

చదివాడు.

“తిట్టేటోడు మధ్యలో అన్నం తిన్నావా అని అడుగుతాడా? ఇది ఒక నోట్లో నుంచి వచ్చిన మాట కాదు.” ఆమె గిరుక్కున తిరిగింది. “ఫకృద్దీనన్నా, నిజం చెప్పు. ఇది రాసింది ఎంతమంది?”

ఫకృద్దీన్ నేల చూపులు చూశాడు. గడపలో నిలబడ్డ పనివాళ్లు ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు.

“ప్యాంటు ఎట్ల కుడతామో, కామెంటూ అట్లనే మాబమ్మా,” అన్నాడు చివరికి. “మావోడు ఫోన్ పట్టుకోని మొదలు పెడతాడు. జేబులు కుట్టేటోళ్లు ఒక మాట చెప్తారు, జిప్పులేసేటోళ్లు ఒక మాట. అన్నం మాట గుండీలేసే బయమ్మది. ఆయమ్మకు ఎవరినైనా తిట్టాలన్నా ముందు అన్నం తిన్నారా లేదా తెలియల్ల.”

“మరి రెక్కలు కత్తిరిస్తానన్నది?”

“అది...” ఫకృద్దీన్ మెడలోని టేపు సర్దుకున్నాడు. “అది నాదే. కటింగ్ మాస్టర్ని. నా నోట్లోంచి కత్తిరించేది తప్ప ఇంకేమొస్తాది సార్?”

గడపలో ఎవరో కిసుక్కుమన్నారు. విజయభాస్కర్ మొహం కందగడ్డయింది. “యాభై ఐదేళ్లొచ్చాయి, నీకెందుకయ్యా ఈ పిచ్చి?”

“ఉడుము సినిమా పదకొండు సార్లు చూసినా సార్.”

“నిన్నూ లోపలేస్తాను!”

“ఎయ్యండి సార్, మా వాన్ని ఇడ్సిపెట్టి నన్నెయ్యండి!”

ఈ కేకల మధ్య మాబున్నీసా ఒక్కతే కదలకుండా నిలబడింది. ఆమె చూపు మిషన్ల వెనక గోడకున్న కొక్కేల మీద ఉంది. అందరూ పనిచొక్కాలు తగిలించి పోయే చోటు. ఒక కొక్కెం ఖాళీ.

“అన్నా, అస్లాం ఒంటిమీదున్నది నీ చొక్కానే కదా?”

“నాదే. నిన్న షెడ్డుకు సెలవు, పోలీసోళ్లు వచ్చేటప్పటికి వాడొక్కడే బనియన్ మీద ఉండాడు. కొక్కేనికున్న నా చొక్కా తీసి ఏసుకున్నాడు.”

“మరి వానిదేది?”

“వానిదా? ఉడుము టీషర్టు. నల్లది, ముందర ఉడుము బొమ్మ ఉంటాది. వానికి పాణం అది. వాళ్లమ్మ ఉతుకుతానన్నా ఇయ్యడు.” ఫకృద్దీన్ చుట్టూ చూశాడు, బల్ల కింద, కట్టల వెనక. “అవునే, యాడ పోయె? ఇంట్లో కూడా ల్యా.”

“రక్తం అంటి ఉంటుంది. కాల్చేశాడు,” అన్నాడు విజయభాస్కర్.

“సార్!” మాబున్నీసా గొంతు షెడ్డంతా ఖంగుమంది. “కోటు ఈడుండాది. కోటు విప్పిన మనిషి ఒంటి మీద ఏమేసుకుని బయటికి పోయినాడు? అది ఆలోచించినారా?”

*

ఈసారి ఆమె స్టూలు కోసం చూడలేదు. ఊచలు పట్టుకుని నిలబడే చెప్పింది.

“అస్లాం, నేను చెప్తా, తప్పుంటే దిద్దు. హర్ష కోటు ఏసుకోని నీ కాడికి వచ్చినాడు. రెక్కలు ఊడిపోయేటట్లుంటే గట్టిగా కుట్టమన్నాడు. నువ్వు కోటు విప్పమన్నావు. ఉత్త బనియన్‌తో కూర్చోలేక నీ టీషర్టు ఏసుకోని బయటికి పోయినాడు. ఇంగ రాలే.”

అస్లాం మొహం ముడుచుకుంది. “టీ తాగొస్తానన్నాడక్కా.”

“మరి నిన్నటి నుంచీ ఎందుకు చెప్పలేదురా నాయనా? మీ నాయన గుండె ఆగిపోయేట్టుండాది!”

“ఎట్ల చెప్పేది?” వాడు చేతుల్లో మొహం దాచుకున్నాడు. “ఉడుంపట్టు అడ్మిను గద్దకు రెక్కలు కుట్టినాడని తెలిస్తే, గ్రూపులో తలెత్తుకుంటానా? వాడూ అంతే. నా కాడికి వచ్చినట్లు తెలిస్తే వాని సేన వాన్ని బతకనిస్తాదా? ఇద్దరం ఒట్టేసుకున్యాం. ఎవరికీ చెప్పేది లేదని.”

విజయభాస్కర్ నోరు వెళ్లబెట్టాడు. “కిడ్నాపు కేసురా, ఏళ్ల తరబడి జైలు! దానికంటే గ్రూపు ఎక్కువైందా నీకు?”

“వాడు వచ్చేస్తాడనుకున్యా సార్. కొత్తగా వచ్చినోడు, దారి తప్పినాడేమో అనుకున్యా.” కళ్లు తుడుచుకుని మాబున్నీసా వైపు తిరిగాడు. “ఆ కాన్వాసు కుట్టలేమని అనంతపురంలో నలుగురు టైలర్లు తిప్పి పంపినారంట. ‘మీ రాయదుర్గపోళ్లను మించినోళ్లు లేరన్నా’ అన్నాడక్కా. వాని నోట్లో నుంచి ఆ మాట! రెండు నెల్ల నుంచీ నేను కాచుకున్న మాట. ఇంగ కుట్టకుండా ఎట్లుంటా?”

“వాడు హర్షేనని నీకెట్ల తెలిసింది? ముందే మొహం చూసుంటివా?”

“యాడక్కా! వాని పేజీలో ఎప్పుడూ గరుడ ముసుగే. వాన్ని చూసినోడే లేడు. వాకిట్లో నిలబడి నేనే గరుడ అడ్మిన్నంటే నేనూ నమ్మలే. ఫోన్లో పేజీ తెరిచి చూపిస్తే అప్పుడు నమ్మినా.”

మాబున్నీసా ఆ మాటనే పట్టుకుంది.

వాన్ని చూసినవాడే లేడు. నలభై వేలమంది సేన. ఒక్కరికీ తమ దొర మొహం తెలియదు. ఆ దొర రాయదుర్గం నడివీధిలో, ఉడుము చొక్కా తొడుక్కుని, టీ కొట్టు ముందు నిలబడ్డాడు. శనివారం నాటి కామెంటు చదివి, ఉడుము అడ్మిన్ అంతు చూద్దామని ఆదివారం ఎంతమంది ఈ ఊరికి దిగి ఉంటారు?

“సార్, హర్ష ఫోటో బయటికి పంపినారా? ఫోన్లలో, పేపర్లో?”

“లేదు. వాళ్ల నాన్న ఆంజనేయులు గారు వద్దన్నారు.” విజయభాస్కర్ గొంతులో మొదటిసారి పదును తగ్గింది. “అబ్బాయికి పెద్ద సంబంధం మాట్లాడుతున్నారట. సినిమా గొడవల్లో మాయమయ్యాడని ఫోటో తిరిగితే పరువు పోతుందన్నారు. గరుడసేన అడ్మిన్ కనిపించడం లేదని మాత్రం వాళ్ల గ్రూపులో పెట్టించారు.”

“ఫోటో లేకుండా!”

“లేకుండా.”

“అయ్యో సార్! ఇప్పుడే పెట్టండి, ఈ నిమిషమే...”

బయట జీపు ఆగిన చప్పుడు. వెనకే ఇంకోటి. తలుపు దబాలున తెరుచుకుంది.

*

ఆంజనేయులు భారీ మనిషి. కంబదూరులో నూరెకరాల వేరుశనగ చేలు, రెండుసార్లు మండలానికి పెత్తనం. రాత్రంతా నిద్ర లేక కళ్లు ఎర్రగా ఉన్నా, మొహంలో గెలిచినవాడి వెలుగు ఉంది. చేతిలో ఫోన్ జెండాలాగా ఎత్తి పట్టుకుని వచ్చాడు.

“ఏమప్పా ఎస్సై, మీరు ఒకన్నే పట్టినారు. మా పిల్లోళ్లు రెండోవాన్ని పట్టినారు చూడు!”

“ఏ పిల్లోళ్లు సార్?”

“మా హర్ష సేన! బత్తలపల్లె కాడి పిల్లోళ్లంట, బంగారాలు. నిన్న ఈ ఊర్లోనే టీ కొట్టు కాడ దొరకబట్టి కార్లో ఏసుకోని పోయినారంట. గంట కిందట గ్రూపులో పెట్టినారు. ఆ నంబరుకు నేనే ఫోన్ చేసి మాట్లాడినా.”

మాబున్నీసా గబగబా ఆయనకు ఎదురు వెళ్లింది. “ఏం మాట్లాడినావన్నా?”

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. “నువ్వెవరమ్మా?”

“ముందు చెప్పన్నా, ఏం మాట్లాడినావు?”

“ఏముండాది మాట్లాడేదానికి? మీ అడ్మిను నాయన్ని మాట్లాడతాండా, నా కొడుకును యాడ దాచినారో వాడు చెప్పేదాకా ఇడ్సొద్దండి అన్నా. వాడు ఎంత టక్కరోడంటే, నేనే మీ అడ్మిన్ని అని ఏడుస్తాండాడంట!” ఆంజనేయులు తొడ చరిచి నవ్వాడు. “నలభై వేలమంది నవ్వుతాండారు ఆ మాటకు. వాని గొంతు వినిపించమంటారా సార్ అని అడిగినారు. నాకెందుకప్పా ఆ దొంగ నాయాల గొంతు, ఇంకో నాలుగు తగిలించి, ఆడ ఎండిపోయిన బావి ఉండాదన్నారు కదా, దాంట్లోకి దించండి, అప్పుడు నిజం కక్కుతాడు అని చెప్పినా.”

అవుట్‌పోస్టులో అందరూ ఆయన వైపే చూశారు. ఊచల వెనక అస్లాం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

“ఏం? అందరూ అట్ల చూస్తాండారేం?”

మాబున్నీసా ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుంది. తెర మీద ఫోటో. నిలువుగా పాతిన రాతి కూసానికి కట్టేసిన మనిషి. తలకు సంచి తొడిగారు. ఒంటి మీద నల్ల టీషర్టు, గుండెల మీద నాలుక చాచిన ఉడుము. కింద రాత: ‘ఉడుము దొరికింది! గరుడ అన్నా, నువ్వెక్కడున్నా ఇది నీకే అంకితం.’

ఆమె ఫోన్‌ను ఆయన కళ్ల ముందు పెట్టింది. “అన్నా, ఆ చొక్కా చూడొద్దు. సంచీ చూడొద్దు. తక్కిన మనిషిని చూడు.”

“ఏమంటాండావమ్మా నువ్వు...”

“చూడన్నా. నిదానంగా చూడు.”

ఆంజనేయులు చిరాకుగానే చూశాడు. ఒకసారి. తర్వాత ఫోన్ దగ్గరకు లాక్కుని మళ్లీ చూశాడు. కూసం చుట్టూ చాపి కట్టిన రెండు చేతుల్లో ఎడమది తిన్నగా ఉంది. కుడిది మోచేతి దగ్గర వంకర తిరిగి, ఎంత లాగి కట్టినా సాగలేదు.

ఆయన ఎవరికో దూరంగా ఉన్నవాళ్లకు చెప్తున్నట్టు అన్నాడు. “ట్రాక్టరు మీద నుంచి పడినాడు. రెండో తరగతిలో. ఆస్పత్రికి ఎందుకు, కట్టు కట్టిస్తే సరిపోతాదని నేనే తీస్కపోయినా. వాళ్లమ్మ ఇప్పటికీ... ఆ చెయ్యి...”

“కాల్ చెయ్యండి సార్!” విజయభాస్కర్ అరిచాడు. “ఇప్పుడే!”

మాబున్నీసాయే ఫోన్ లాక్కుని నంబరు నొక్కి స్పీకరు పెట్టింది. రింగు పోతోంది. ఎత్తలేదు. మళ్లీ నొక్కింది. అంత భారీ మనిషి ఆంజనేయులు నేల మీద చతికిలబడి, ఆమె కొంగు చివర పట్టుకున్నాడు. “అది మా వాడు కాదని చెప్పు తల్లీ. అట్లాంటి చెయ్యి ఇంకెవరికైనా ఉంటాది కదా...”

అవతల ఎత్తారు. హోరుమని గాలి. దాని వెనక ఈలలు, చప్పట్లు. కుర్ర గొంతొకటి ఉత్సాహంతో ఉరకలేస్తూ వచ్చింది.

“సార్! నమస్తే సార్! మీరు చెప్పినట్లే చేసినాము. నడుముకు తాడు కట్టి సగం దాకా దించినాము. ఇంగా నేనే అడ్మిన్ని అని అరుస్తాండాడు. ఇంగ చాల్లే, తాడు కోసేద్దామని పిల్లోళ్లు అంటాండారు. కోసేయల్నా సార్?”

“వద్దు!” ఆంజనేయులు గొంతు చీలిపోయింది. “వద్దు నాయనా, వాడు నా...”

“సార్? సార్, వినపడలే. ఈడ టవర్ సరిగా ల్యా. కోసేయల్నా, వద్దా? ఏదో ఒకటి బిరీన చెప్పండి సార్...”

లైను తెగిపోయింది.